పోగులైపోయిన రికార్డు పార

ఆ రోజుల్లో మనిషన్నాక ఏదో ఒక రికార్డు ఉండి తీరాలని గట్టిగా నమ్మేవాణ్ణి. మరీ పాతకాలపు సంగతేమీ కాదు, చేతిలో ఫోను, ఫోనులో చేపల వీడియోలు వచ్చిన తర్వాతి ముచ్చటే. ఆత్మకూరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపులో పని నాది. గిరాకీ లేని పూట, ఎవరెవరో సముద్రంలో గాలం వేసి మనిషంత చేపల్ని లాగడం చూస్తూ కూర్చునేవాణ్ణి. చూసీ చూసీ, ఇదేమంత బ్రహ్మవిద్య అనిపించింది. మాది ఉదయగిరి అవతల మెట్ట ఊరు. తాతముత్తాతల నుంచీ గొర్రెలే. నీళ్లంటే మాకు బావి అడుగున మెరిసేవి మాత్రమే. అలాంటి ఇంట పుట్టినవాణ్ణి పోయి పోయి సముద్రపు చేపల మీద పడ్డాను. అందులోనూ అందరికీ తెలిసిన వంజరమో పండుగప్పో కాదు, పార. (తవ్వే పార కాదండీ, చేపే. వెండి రంగులో బల్లపరుపుగా, మొండి మొహంతో ఉంటుంది.) దాని వెంట పడేవాళ్లు తక్కువ కాబట్టి రికార్డు సులువని నా తెలివి. గాలం వేసేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపు ఒకటి ఉండేది. చేపను కోయకుండా నిండుగా కాటాకు వేలాడదీసి, టేపుతో కొలిచి, అంతా ఒకే వీడియోలో చూపించాలి. అన్నిటికన్నా పెద్దదైతే మన పేరు పైన పెడతారు.

నిజం చెప్పొద్దూ, ఆ తాపత్రయమంతా మా నాయన కోసం. ఆయన మెచ్చుకోవడమన్నది ఎరగని మనిషి. నేను పది పాసైతే "మంచిది, గొర్రెల్ని తోలుకపో" అన్నాడు. షాపులో పని దొరికితే "బాగుచేసినా మళ్లీ చెడిపోయేదే గదరా ఆ ఫోను" అన్నాడు. ఇక గాలం చూశాడంటే చాలు, "ఇక్కడ గొర్రెలకు మేత లేక చస్తావుంటే, సముద్రంలో చేపలకు మేత పెట్టను బస్సెక్కి పోతావుండావే! నీకేమన్నా పిచ్చా?" అని మొదలుపెట్టేవాడు. ఎలాగైనా ఆయన నోట ఒక్క మంచిమాట అనిపించుకోవాలని నా ప్రాణం కొట్టుకుపోయేది.

ఆదివారం వస్తే నెల్లూరు బస్సెక్కి, అక్కణ్ణించి ఇంకో బస్సు పట్టుకుని, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట నిలబడేవాణ్ణి. మొదట్లో నా గాలానికి పడినవి ఒక చెప్పు, నాచు, వెనక్కి విసిరినప్పుడల్లా నా చొక్కా. అక్కడ వలలు సర్దుకునే ఒకాయన నన్ను చూడగానే "ఏం తమ్ముడూ, ఈ వారం కూడా మొక్కు తీర్చుకోను వచ్చినావా?" అని నవ్వేవాడు. ఆ నవ్వులు మింగుతుండగానే ఒక పొద్దున పడింది. తాడు తెంచుకున్న పొట్టేలు మాదిరి లాగింది. మోకాళ్ల లోతులో ఉన్నవాణ్ణి నడుము లోతుకు పోయాను. వీడియోల్లో నేర్చిన మెళకువలన్నీ మరిచిపోయి "నాయనో" అని కేకలు పెట్టాను. ఆ వలలాయన, ఇంకొకతను పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంటే, నేను చేపను పట్టుకున్నాను. ఒడ్డుకొచ్చిన పారను చూసి వాళ్లే నోళ్లు తెరిచారు. నా చేతి కాటాకు తగిలిస్తే ముల్లు చివరిదాకా పోయి ఆగిపోయింది. (కొనేటప్పుడు నా మీద నాకున్న నమ్మకం అంతే.) "రేవులో పెద్ద కాటా ఉండాది, రా తమ్ముడూ, తూకం వేద్దాం" అన్నాడాయన. వేసుంటే ఆ పూటే పని అయిపోయేది. కానీ అప్పటికే గొప్ప నెత్తికెక్కింది కదా! "వద్దన్నా, మా ఊళ్లో, మా నాయన ముందరే వేస్తా" అన్నాను.

థర్మోకోల్ పెట్టెలో ఐసు పోసి, తోక బయటికి వేలాడుతుండగా బస్సెక్కాను. కండక్టరు ముక్కు మూసుకున్నాడు. "ఏందబ్బా ఈ కంపు?" "కంపు కాదన్నా, రికార్డు." "అట్టయితే నీ రికార్డును ఎనక సీటు కింద పెట్టు. ఎవురన్నా గొడవ చేస్తే ఇద్దర్నీ దించేస్తా." ఉదయగిరి దాకా నేను ఆ పెట్టె మీద చెయ్యి తీయలేదు.

ఇంటికి చేరి మూత తీశాను. ఎలా పట్టానో ఊపిరాడకుండా చెప్పేశాను. నాయన వంగి, పొట్టేలు వీపు తడిమినట్టు బొటనవేలితో చేప వీపు నొక్కి చూసి "కండుండాది" అన్నాడు. ఆ ఒక్క మాటకే పొంగిపోయాను. "దీన్ని తూకం వెయ్యాల నాయనా. గొర్రెలు కొనే మామ దగ్గర పెద్ద కాటా ఉండాది, ఎత్తుకొస్తా. నువ్వు అందర్నీ పిలువు" అని బైకు తీశాను. నా ఉద్దేశం సాక్షుల్ని పిలవమని. మా ఊళ్లో మాత్రం ఇంటికి మాంసం వచ్చి, కాటా వచ్చి, జనాన్ని పిలిచారంటే దానికి ఒకటే అర్థం. ఆ సంగతి పుట్టి పెరిగిన నాకే తట్టలేదు.

మామకు కథంతా చెప్పి, టీ తాగి, కాటా తెచ్చేసరికి వాకిట్లో మోదుగాకులు పరిచి ఉన్నాయి. ఆకాకుకూ ఒక పోగు. నాయన కత్తి కడుగుతున్నాడు. "కాటా తెచ్చినావా? పోగులు సమంగా ఉండాయో లేదో చూడు" అన్నాడు.

"నాయనా! కోసేసినావా?"

"కోయకుండా ఎట్టా పంచుతార్రా?"

"తూకం వెయ్యాలన్నా గదా!"

"అందుకే గదా కోసింది! నిండు యాటను వేలాడదీసి కూర తూకం వేసినోణ్ణి నేను యాడా చూళ్లేదు."

అయినా ఆశ చావలేదు. పోగులన్నీ తెచ్చి గోనెపట్టా మీద చేప ఆకారంలో పేర్చడం మొదలుపెట్టాను. తలకాయ ఇంటి పెద్దకు పోవాలి కాబట్టి అప్పటికే పెద్దనాయన ఇంటికి పోయింది. పరుగెత్తి తెచ్చాను, పసుపూ ఉప్పూ పట్టించి ఉంది. పచ్చటి తల, తెల్లటి తోక, నడుమ జానెడు ఖాళీ. (ఆ ముక్కలు ఎవరింట్లోనో ఉడుకుతున్నాయి.) "తొందరగా తియ్యరా ఫోటో, నా పొయ్యి మండతావుండాది" అని పెద్దమ్మ వెనక నిలబడి అరుస్తూనే ఉంది. వీడియో తీసి గ్రూపులో పెట్టాను. "వండినాక మళ్లీ పెట్టన్నా" అని ఒకడు బదులిచ్చాడు.

తలుపేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. ఊరంతా పులుసు వాసన. అమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. "మీ నాయన ఇంకా ఇంటికి రాలేదురా. పోగు ఇచ్చి రావాల్సినోడు, ప్రతి ఇంట్లో కూర్చోని చెప్తావుండాడంట. నువ్వు పీకల్లోతు నీళ్లల్లో దిగినావంట, ఇద్దరు పట్టినా ఆగలేదంట. చర్చి వీధిలో పాస్టరయ్యగారింట్లో అయితే, ఈ మెట్టలో నా కొడుకు కాకుండా ఇంకెవుడు పడతాడు అన్నాడంట. లేచి తినరా."

"పీకల్లోతు కాదు, నడుము లోతు. నాకేం వద్దు, పో" అన్నాను.

ఇప్పుడు అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆ గది కిటికీ వీధిలోకే ఉండేది. లేచి ఒక్కసారి తొంగిచూసుంటే, చేతిలో ఆకుపొట్లంతో, వయసు మరిచిపోయి గబగబా నడిచిపోతున్న మా నాయన కనిపించేవాడు. ఆ వెర్రివాడు లేవలేదు. కడుపు మాడ్చుకుని, ఇంకా పెద్ద పార కోసం ఏ గాలం కొనాలా అని ఫోనులో వెతుక్కుంటున్నాడు.