పక్క సీటావిడ కోరిన వాన

పొడి ఉత్తరగాలిని నమ్మి మేం వరి కోసి, పనలు చేలోనే ఆరబెట్టాం. ఆ రోజు విజయవాడ నుంచి బస్సులో వస్తుంటే, కూచిపూడి దాటాక సముద్రం మీది తడిగాలి తగిలింది. ఈ రెండు గాలులూ ఢీకొన్నాయంటే వానే.

కిటికీ దగ్గర కూర్చున్నావిడ అద్దం బార్లా తీసింది.

"రా తల్లీ, రా! మా మినుము మొక్కలు ఎండిపోతన్నాయి."

"కాస్త నోరు మూసుకోండి! మా పనలు చేలో ఉన్నాయి."

"గాలి తిరిగేది చూసుకోకుండా కొయ్యమన్నదెవరండీ? మీ కోసం వాన ఆగుద్దా?"

"మా వడ్లు మొలకెత్తితే నీ కళ్ళు చల్లబడతాయా?"

నేను అద్దం మూశాను. ఆవిడ మళ్ళీ తీసింది. చల్లపల్లి దాకా అదే పోట్లాట.

చినుకు పడింది. ఆవిడ నవ్వబోయి, నా మొహం చూసి, తనే అద్దం మూసింది.

ఇప్పటికీ తడిగాలి తగిలితే ముందు ఆవిడనే తిట్టుకుంటాను. ఆ తర్వాత, పాపం ఆ మినుము బతికిందో లేదో అనుకుంటాను.