వరసక్క పుస్తకంలో పదకొండో పాట

ఆమెకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ, షాపు హాజరు పట్టీలో తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. అందరికీ ఆమె వరసక్క. చుట్టరికపు వరస కాదు, పాటల వరస. నిప్పుకోళ్లు అనే రాక్ బ్యాండు ఏ కచేరీలో ఏ పాట తర్వాత ఏ పాట పాడిందో, మధ్యలో ఎవరు మంచినీళ్లు తాగారో సహా నోటుబుక్కులో ఎక్కించిన మనిషి ఆమె ఒక్కతే. "ఏ వరసా కలవనివాళ్లకి కూడా అక్కనైపోయాను" అని నవ్వుతూ ఉంటుంది.

పగలంతా ఆమె కళ్లజోళ్ల షాపు వెనక గదిలో ఉంటుంది. డాక్టరు రాసిన చీటీ ముందు గదిలోంచి వస్తే, దాని ప్రకారం అద్దం మీద గుర్తు పెట్టి, అంచులు అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టడం ఆమె పని. కొన్ని అద్దాలు వెంట్రుకవాసి పక్కకి తిరిగినా చాలు, పెట్టుకున్నవాళ్లకి మెట్లు దిగుతుంటే కళ్లు తిరుగుతాయి. అందుకని ప్రతి అద్దాన్నీ మూడుసార్లు చూస్తుంది. ముప్పై ఏళ్లలో ఆమె చేతి మీదుగా వెళ్లిన అద్దం ఒక్కటీ తప్పని తిరిగి రాలేదు. ఆ మంచిపేరు పాటల పుస్తకానికి కూడా పాకింది. వరసక్క రాసిందంటే ఇక దానికి తిరుగులేదు.

ఆదివారం పొద్దున పదింటికి డ్రైవింగు మాస్టారి స్కూల్లో నిప్పుకోళ్ల అభిమానుల సభ జరిగేది. స్కూలంటే ఒకటే గది. గోడల నిండా మలుపు గుర్తులు, ఆగమనే గుర్తులు. ఆ రోజు క్లాసులుండవు కాబట్టి, పార్కింగు నేర్పే నల్లబోర్డు మీద స్టేజీల బొమ్మలు పడేవి. వచ్చేవాళ్లు ఆరేడుగురు. నోరున్నవాళ్లు మాత్రం ముగ్గురే: వరసక్క, మాస్టారు, ఆసుపత్రి డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చే నర్సమ్మ. ఇళ్లల్లో వీళ్లందరినీ కలిపి "కోడిపిల్లలు" అనేవారు.

నిప్పుకోళ్లు అప్పటిదాకా మూడు టూర్లు చేశారు. మొదటిది లారీ టూరు. రెండు లారీల్ని వీపూ వీపూ ఆనించి, వెనక తలుపులు దించేస్తే అదే స్టేజీ. అది మొదలైంది ఈ ఊరి మైదానంలోనే. రెండోది గుండ్రం టూరు. తిరిగే స్టేజీ, చుట్టూ జనం. మూడోది తెరల టూరు. స్టేజీ మీద మనుషులు అగ్గిపుల్లలంత, తెరల మీద వాళ్ల ముక్కులు వీధి తలుపులంత.

"స్టేజీ అంటే గుండ్రం టూరుదేనమ్మా. ఎక్కడ నిలబడ్డా మన వంతు వస్తుంది," అనేవారు మాస్టారు, బోర్డు మీద సున్నా చుడుతూ.

"వస్తుంది, పోతుంది కూడా. నేను చూసినప్పుడు మూడో పాటకే యంత్రం బిగుసుకుపోయింది. రెండు గంటలు డ్రమ్ములవాడి వీపు చూశాను. ఆ వీపు మీద ఎన్ని పుట్టుమచ్చలున్నాయో చెప్పమంటారా?" అనేది నర్సమ్మ.

"మరి తెరల టూరులో నువ్వు చూసిందేమిటి? టీవీ!"

"టీవీ అయితేనేం, మొహం కనపడింది."

వరసక్క ఇద్దర్నీ కాసేపు కొట్టుకోనిచ్చి, అప్పుడు పుస్తకం తెరిచేది. "స్టేజీని ఏం చేసుకుంటారు? పాటలు చూడండి. తర్వాతి రెండు టూర్లలోనూ మొదటి నాలుగు పాటలు, చివరి మూడు పాటలు ఎప్పుడూ అవే. నిద్రలో లేపి అడిగినా చెప్పొచ్చు. లారీ టూరులో అలా కాదు. ఇప్పుడు ఏది వస్తుందో వాళ్లకే తెలీదు. పైగా తాళంచెవి పాడింది అక్కడే."

'తాళంచెవి' వాళ్ల మొదటి క్యాసెట్టులో ఉన్న ఒకే ఒక్క నెమ్మది పాట, అంతా కీబోర్డు మీదే నడుస్తుంది. దాన్ని నిప్పుకోళ్లు జనం ముందు పాడింది జీవితంలో ఒకే ఒక్కసారి, లారీ టూరు మొదటి రోజున, పదకొండో పాటగా. ఇంటర్నెట్లో ఏ అభిమాని రాసినా అదే మాట, దానికి ఆధారం వరసక్క పుస్తకం.

"కీబోర్డు లేకుండా ఆ పాట ఎలా వాయిస్తారమ్మా? లారీ మీద కీబోర్డు లేదంటారు కదా," అని మాస్టారు ప్రతిసారీ గొణిగేవారు.

"పుస్తకంలో ఉంది మాస్టారూ. పదకొండు, తాళంచెవి."

"నేనైతే ఏడ్చేశాను," అనేది నర్సమ్మ. ఇక మాస్టారు మళ్లీ బోర్డు మీద సున్నా చుట్టడంలో పడేవారు.

ఈ ఏడు వేసవి మొదట్లో, ఒక మధ్యాహ్నం, జీన్సు ప్యాంటు వేసుకున్న ఒక నడివయసావిడ షాపు వెనక గది గుమ్మంలో నిలబడింది. నిప్పుకోళ్ల గిటారిస్టుకి చెల్లెలు, స్టేజీ ఏర్పాట్లన్నీ చూసేది ఆవిడే.

"వరసక్క అంటే మీరేనా అండీ? లారీ టూరుకి పాతికేళ్లు నిండాయి. మళ్లీ అదే మైదానంలో, అవే లారీల మీద, అవే పాటలు, అదే వరసలో పాడదామని మావాళ్లు అనుకున్నారు. తీరా చూస్తే ఒక్కరికీ గుర్తు లేదు. అన్నయ్యది ఒక మాట, పాడే ఆయనది ఇంకో మాట. కొట్టుకునేదాకా వచ్చింది. చివరికి ఎవరో మీ పుస్తకం ఫొటో చూపించారు. అంతే, అందరూ నోళ్లు మూసుకున్నారు."

వరసక్కకి కాళ్లు నేలమీద నిలవలేదు. చేతిలో ఉన్న అద్దాన్ని జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టింది.

"అన్నీ బాగానే కుదిరాయండీ, ఆ తాళంచెవి ఒక్కటే కొరకరాని కొయ్యగా ఉంది," అందావిడ. "నెల రోజులుగా సాధన చేస్తున్నారు. కీబోర్డు లేకుండా అప్పుడెలా వాయించారో వాళ్లకే అంతు పట్టడం లేదు. 'ఆ రోజుల్లో మనం ఎంత గొప్పవాళ్లంరా' అని పాడే ఆయన దిగులు పడుతున్నాడు కూడా."

వరసక్క నవ్వు సగంలో ఆగిపోయింది. "రేపు రండమ్మా, అసలు పుస్తకమే ఇస్తాను," అంది.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆమె పదకొండో పాట గురించే ఆలోచించింది. పాతికేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పదకొండో పాటప్పుడు ఆమె అక్కడ లేదు. ఏడాది నిండని కూతురు వాంతి చేసుకుంటే ఎత్తుకుని మైదానం చివర కుళాయి దగ్గరికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి పన్నెండో పాట మొదలైపోయింది. పిల్లని భర్త చేతిలో పెట్టి, ముందుకి తోసుకెళ్లి, పక్కన నిలబడ్డ ఎవరినో "ఇప్పుడేం పాడారండీ?" అని అడిగింది. "ఏదో నెమ్మదిగా సాగింది," అన్నాడతను. నెమ్మది పాట ఉన్నది ఒక్కటే కదా! రాసేసింది. మొదట్లో అది ఊహ అని గుర్తుండేది. పోనుపోను పదిమందీ అంటుంటే ఆమెకీ నిజమైపోయింది.

భర్త ఒక బడిలో సైన్సు ల్యాబు చూసుకుంటాడు. కుక్కరు కూతకీ కచేరీకీ తేడా తెలీని మనిషని ఆమె అందరికీ చెప్పేది. ఇంటికెళ్లేసరికి ఆయన చొక్కాలు మడత పెడుతున్నాడు.

"ఏమండీ, లారీ కచేరీలో పాప వాంతి చేసుకుంది, గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? నా భుజం మీదే కదా."

"నేను కుళాయి దగ్గరికి వెళ్లాక ఏం పాట పాడారు?"

"పాటా? పాటేం లేదే," అన్నాడాయన, మడత ఆపకుండా. "గిటారు తీగ తెగింది. అది మార్చేదాకా పాడే అతను లారీ అంచు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని కబుర్లు చెప్పాడు. వాళ్ల నాన్న సైకిలు పోయిందనుకుని, ఫిర్యాదు చెయ్యడానికి పోలీసుల దగ్గరికి అదే సైకిలు తొక్కుకుంటూ వెళ్లిన కథ. వెనకాల డ్రమ్ములవాడు మెల్లగా దరువు వేస్తూనే ఉన్నాడు. భలే నవ్వాం."

వరసక్క ఆయన చేతిలో చొక్కా లాగేసుకుంది. "పాతికేళ్లుగా ఈ ముక్క ఎందుకు చెప్పలేదండీ?"

"నువ్వు అడిగితే కదా! పాటల సంగతి నాకేం తెలుసని నువ్వే అంటావు. ఇది పాట కాదు కాబట్టి గుర్తుండిపోయింది."

మర్నాడు చెల్లెలావిడ రాగానే, కూర్చోమనైనా అనకుండా వరసక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది. "తప్పు రాశానమ్మా. చూడకుండా రాశాను. నెల రోజులు మీవాళ్లని ఊరికే కష్టపెట్టాను." తన చేతి మీదుగా తప్పుడు అద్దం వెళ్లిందని తెలిస్తే ఎలా ఉంటుందో ఆమెకి అలా ఉంది.

ఆవిడ అక్కడే అన్నకి ఫోను కలిపి, సైకిలు కథ చెప్పి, స్పీకరు పెట్టింది. అవతల ఒకేసారి నలుగురు పగలబడి నవ్వారు. "సైకిలు! ఔనురా, సైకిలు!" అని ఎవరో అరుస్తున్నారు.

బ్యాండుకి చెప్పడం తేలికే అయింది. ఆదివారం సభకి చెప్పడమే కష్టమైంది. మాస్టారి గదిలో ఆమె మాట పూర్తి కాగానే నర్సమ్మ నోరు తెరిచింది.

"మరి నేను ఏడ్చింది దేనికి?"

మాస్టారు గెలిచినట్టు మీసం దువ్వుతారని వరసక్క కాచుకుని కూర్చుంది. ఆయన బోర్డు తుడుస్తూ అటు తిరిగే అన్నారు: "నన్నేం చూడకమ్మా. కారు నేర్చుకోడానికొచ్చిన ప్రతివాడికీ 'తాళంచెవి నా చెవులారా విన్నాను' అని చెప్పుకున్నాను. అప్పుడు నేను అసలు ఈ ఊళ్లోనే లేను."

ముందు నర్సమ్మ నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. వరసక్క నవ్వుతూనే పదకొండో పాట పేరు కొట్టేసి, పక్కన "అప్పుడు నేను అక్కడ లేను" అని రాసి, ఆ పేజీ ఫొటో ఇంటర్నెట్లో పెట్టించింది. కొందరు తిట్టారు. చాలామంది తామూ విన్నామని చెప్పుకున్నందుకు నాలిక కరుచుకున్నారు.

కచేరీ రోజున ఎండ ఇంకా తగ్గకముందే మైదానం నిండింది. రెండు లారీలు, దించిన తలుపులు. వరసక్క పక్కన ఈసారి భర్త ఉన్నాడు, అటుపక్క కూతురు. పది పాటలు అనుకున్న వరసలోనే నడిచాయి. పదో పాట అవగానే పాడే ఆయన లారీ అంచు మీద కూర్చున్నాడు. జుట్టు నెరిసింది, కాళ్లు వేలాడేయడానికి కాస్త ఆయాసపడ్డాడు. సైకిలు కథ మొత్తం చెప్పాడు. అందరికంటే గట్టిగా నవ్వింది వరసక్క మొగుడే.

"ఆ రోజు ఇక్కడ పాట లేదు," అన్నాడు పాడే ఆయన. "పాడామని ఒక అక్క రాసింది, మేమూ నమ్మాం. నెల రోజులు చచ్చీచెడీ నేర్చుకున్నాక వదిలేస్తామా?"

ఒక్క గిటారుతో తాళంచెవి మొదలైంది. నర్సమ్మ ఈసారి నిజంగానే ఏడ్చింది. వరసక్క పెన్ను చేతిలో పట్టుకుని, మూత తియ్యడం మర్చిపోయి, పాటంతా విన్నది. అయ్యాక తేదీ వేసి రాసింది: "పదకొండు. తాళంచెవి. మొదటిసారి."

జనంతో పాటు బస్టాపు వైపు నడుస్తుంటే మాస్టారు అందుకున్నారు. "లారీలకి ఇంజన్లు లేవు, చూశావా అమ్మా? ఉత్త డొల్లలు. ఇది లారీ టూరు కింద రాదు. నాలుగో టూరని రాసుకో."

"ఇంజను పాడుతుందా మాస్టారూ? పాటలు అవే కదా!"

"పాటలు అవే అయితే తాళంచెవి ఎక్కణ్నించి వచ్చింది?" అంది నర్సమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

వరసక్క బదులు చెప్పబోయేంతలో బస్సు వచ్చింది. ముగ్గురూ వాదించుకుంటూనే ఎక్కారు.