మధుసూదన్ స్వయంగా కోసిన కాయలు

"సార్, కాయ కొననీకొస్తదా మీకు, ఉత్తగ పిసుకుడేనా?"

మోండా మార్కెట్లో మామిడికాయలమ్మే లతీఫున్నీసా పదేళ్ల కిందట అడిగిన మాట ఇది. రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరై మెట్టుగూడలో ఉంటున్న మధుసూదన్ దానికి ఈ మే నెలలో జవాబు చెప్పదలచుకున్నాడు.

ఆవపిండి, కారం కలిపి, నూనె కొలిచి పెట్టుకుని, భార్య స్వర్ణలత అతని చేతిలో రెండు వేలు పెట్టింది. "పోయినేడు ముక్క మెత్తవడ్డది. ఈసారి సుత గట్లయితే ఏడాదంతా మా చెల్లె దగ్గర అడుక్కోవాలె నేను."

"మార్కెట్ కాయనే వద్దు. తోటల నేనే కోసుకొస్తా."

శామీర్‌పేట దాటాక అలాంటి తోట ఒకటుంది. గేటు మీద నేలతల్లి గురించి నాలుగు పంక్తులు, వాటి కింద చిన్న అక్షరాల్లో 'కిలో తొంభై, కోసిన కాయ కొనాల్సిందే' అని ఉంది. వంద కట్టించుకుని కాయలు కోసే చిక్కం చేతికిచ్చిన కావలివాడు, "పచ్చడికైతే లోపలి చెట్లకు పోండ్రి సార్. ఈడివి లేతయి" అన్నాడు.

లోపలి చెట్లు ఎండలో, దూరంగా ఉన్నాయి. గేటు పక్క చెట్టు నీడలో, చేతికందేలా ఉంది. "నాకు తెలుసులే" అన్నాడు మధుసూదన్. పద్దెనిమిది కిలోలు కోసి, చిక్కంతో ఫొటో కూడా దిగాడు. పెట్రోలు పోను జేబులో ఎనభై రూపాయలు మిగిలాయి.

టెంకతో సహా ముక్కలు కొట్టించాలంటే మళ్లీ మోండాకే రావాలి. లతీఫున్నీసా పెద్ద కత్తిపీట మీద మొదటి కాయ పెట్టింది. కత్తి చప్పుడు లేకుండా దిగిపోయింది.

"టెంకే లేదు సార్. గివి పప్పులకు. ఎవడు కోసిండు?"

"ఎవడో."

"ఆ ఎవడోకు కండ్లు లేవా?"

"ఉన్నయి ఆపా. అద్దాలు సుత ఉన్నయి."

ఆమె నవ్వలేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. గట్టి కాయలు పదిహేను కిలోలు తూచి, ముక్కలు కొట్టి, తొమ్మిదివందలంది. అతని లేతకాయలను పప్పుకాయల ధరకు, కిలో ఇరవై లెక్కన తీసుకుంది. అతను జేబులోని ఎనభై ఇచ్చాడు.

"మిగతాది ఫోన్ల కొట్టుండ్రి."

"కొడితే మెసేజ్ మా ఇంటామె ఫోనుకు పోతది."

లతీఫున్నీసా అతన్నీ ముక్కల సంచినీ మార్చి మార్చి చూసింది. "పోండ్రి. ముక్కలకు గాలి తగుల్తది."

ఆవకాయ ఈ ఏడు గట్టిగా కుదిరింది. స్వర్ణలత చెల్లెలికి సీసా పంపుతూ, "మా ఆయన సొంతంగ కోసుకొచ్చిండు" అని ఫొటో కూడా పెట్టింది. మధుసూదన్ టెంక చప్పరిస్తూ తలూపాడు. ఇంట్లో చిల్లర కూడా ఆమె లెక్కలోదే కాబట్టి బాకీ తీర్చడానికి ఆ వైపు చెయ్యి పోలేదు. కూరగాయలకు ఇప్పుడు బోయిగూడ వైపు వెళ్తున్నాడు, అక్కడ తాజాగా ఉంటాయట.

జూలై వచ్చింది. లతీఫున్నీసాకు ఆనాటి ఎనభై తప్ప ఏమీ ఇవ్వలేదు. ఇంకా నాలుగువందల అరవై ఇవ్వాలి.