రాకెల్ పెట్టిన టోపీ

రాకెల్ తొస్సవైనెన్ ఉద్యోగ దరఖాస్తులో ఆడిన అబద్ధం ఒకే ఒక్క మాట. ఉలియోప్పిలస్. లుకియో అనే పై బడిలో మూడేళ్ళూ చదివి, చివర పెద్ద పరీక్ష గట్టెక్కి, తెల్ల టోపీ తలకెత్తుకున్న మనిషిని ఫిన్లాండులో అలా అంటారు. రాకెల్ మూడేళ్ళూ చదివింది. పరీక్షా రాసింది, అదీ మూడుసార్లు. అన్నీ పాసై స్వీడిష్ ఒక్కటి తప్పింది, మూడుసార్లూ అదే తప్పింది. ఆ రోజుల్లో ఆ భాష అందరికీ తప్పనిసరి. అదొక్కటి పోతే మొత్తం పోయినట్టే.

ఇరవై రెండేళ్ళ కిందట ఆమె రొట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. కొర్పియార్వి ఊళ్ళో లుకియో ఆఫీసుకు గుమాస్తా కావాలని పత్రికలో పడితే, పని మధ్య విరామంలో, చేతులకు పిండి ఉండగానే దరఖాస్తు నింపింది. ‘చదువు’ అన్న గడి దగ్గర కలం ఆగింది. ఆగినంతసేపు పట్టలేదు, ఆ మాట రాసేసింది. అప్పటి ప్రిన్సిపాలు ఉదారుడు. “పట్టా నకలు తర్వాతెప్పుడైనా పట్టుకురా, దానికేం తొందర” అన్నాడు. ఆ ‘తర్వాతెప్పుడైనా’ రాకముందే ఆయన రిటైరయ్యాడు, ఆపైన పోయాడు కూడా. తర్వాత వచ్చినవాళ్ళెవరూ అడగలేదు.

బిరుదుల పిచ్చి ఒక్కో దేశంలో ఒక్కో చోట బయటపడుతుంది. వియన్నాలో వీధి తలుపు మీద ఇత్తడి పలకలో, జర్మనీలో సమాధి రాతి మీద కూడా పేరుకు ముందు డాక్టరు ఉంటాడు. లిస్బన్‌లో మెడకు టై ఉంటే చాలు, కాఫీ తెచ్చిచ్చేవాడు డాక్టరుగారూ అంటాడు. ఫిన్లాండువాళ్ళు అవన్నీ చూసి నవ్వుకుంటారు. వాళ్ళకు ‘గారు’ లేదు, ‘మీరు’ దాదాపు లేదు, మంత్రినైనా పేరు పెట్టి నువ్వు అనేస్తారు. ఇంత సమానత్వంలోనూ తెల్ల టోపీ ఒక్కటి వదులుకోలేదు. ఏడాదంతా బీరువాలో నిద్రపోయే ఆ టోపీ మే నెల తొలిరోజు పండగకి, దాన్ని వాళ్ళు వప్పు అంటారు, బయటికి వస్తుంది. తొంభై ఏళ్ళ ముసలామె దగ్గర్నుంచీ నిన్నగాక మొన్న పాసైన కుర్రకారు దాకా ఊరంతా నెత్తిన టోపీతో తిరుగుతుంది. ఆ రోజు వట్టి తలతో కనపడ్డవాళ్ళను ఎవరూ ఏమీ అడగరు. అడగకపోవడమే రాకెల్‌కు భరించరానిది. అందుకే ఏటా వప్పు వచ్చేసరికి చెల్లెలి ఊరికి బస్సెక్కేసేది.

తమాషా ఏమిటంటే, ఏటా ఆ పట్టాలు అచ్చువేసి, వరసపెట్టి, ఒక్క పేరులోనైనా అక్షరం మీది చుక్క ఎగిరిపోకుండా చూసే పని రాకెల్‌దే. ఇరవై రెండేళ్ళలో పదమూడు వందలమందికి పైగా ఆమె చేతిమీదుగా ఉలియోప్పిలస్‌లయ్యారు. ఒక్కరి పేరులోనూ తప్పు దొర్లలేదు. భయం ఉన్న మనిషి పనిలో తప్పు చేయదు. స్కూలు నడిపే నగరపాలక సంస్థ నుంచి గోధుమరంగు కవరు వచ్చినా, జీతాల లెక్కకు కొత్త కంప్యూటరు పద్ధతి వచ్చినా, ముందు తన పేరుందేమోనని వెతికేది. లేని డిగ్రీ చెప్పుకుని ఎవరో పెద్దమనిషి దొరికిపోయాడని పేపర్లో పడ్డ రోజున స్టాఫ్‌రూములో అందరూ పగలబడి నవ్వేవారు. రాకెల్ చక్కెర వేయని కాఫీని చెంచాతో అదేపనిగా తిప్పుతూ కూచునేది.

ఆ ఏడు కొత్త ప్రిన్సిపాలు వచ్చింది. పేరు ఔతి లింతుల, నలభై దాటిన చురుకైన మనిషి. ఏప్రిల్ మొదట్లో కాఫీ దగ్గర ప్రకటించింది.

“స్కూలుకి నూరేళ్ళు నిండాయి, పుస్తకం వేస్తున్నాం. వప్పు ముందురోజు మధ్యాహ్నం అందరం ఇక్కడే భోజనం చేద్దాం. టోపీలు పెట్టుకుని ఒక ఫోటో. కింద పేరూ, పాసైన ఏడూ వేద్దాం. రాకెల్, ఈసారి చెల్లెలు, గిల్లెలు అనకు. నువ్వు లేకుండా ఈ స్కూలు ఫోటో ఏం ఫోటో!”

“వస్తాలే” అంది రాకెల్.

తర్వాతి శనివారం ఆమె గంట ప్రయాణం చేసి, తననెవరూ ఎరగని పట్నంలో, పాత సామాన్లమ్మే అంగడికి వెళ్ళింది. కొత్త టోపీ కొంటే పనికిరాదు, పాలలా మెరుస్తుంది. టోపీలు పళ్ళలాగే వయసుతో పచ్చబడతాయి. కప్పుల, గిన్నెల మధ్య నాలుగు టోపీలు దొరికాయి. ఒకటి మరీ ముసలిది, ఒకటి మరీ పడుచుది, ఒకటి బీరుతో మచ్చలు పడింది. నాలుగోది సరిగ్గా ముప్పై అయిదేళ్ళ రంగు. తలకు పట్టింది కూడా. లోపల యజమాని పేరు గీకేసి ఉంది. అస్తరు ఎరుపూ పసుపూ పట్టీలతో ముచ్చటగా ఉంది. అంతకుమించి ఆమె చూడలేదు. టోపీ అన్నదాన్ని కళ్ళారా చూడకుండా తప్పించుకోవడం ఆమెకు పడుచువయసు నుంచీ అలవాటు.

టోపీ పెట్టడమంటే మన తెలుగులో ఉన్న అర్థం ఆ దేశంలో లేదు. అయినా అద్దం ముందు ఆ టోపీ పెట్టుకున్నప్పుడు రాకెల్ ముఖంలో కనిపించింది మన అర్థమే.

ఆ మధ్యాహ్నం స్కూలు భోజనశాలలో ఉడికించిన సాసేజిలు, బంగాళాదుంపల సలాడు, ఎండుద్రాక్ష తేలే నిమ్మ పానకం, వప్పుకి మాత్రమే చేసే జంతికల్లాంటి తీపి చుట్టలు. సాయంత్రం ఆరుగంటలకు ముందు టోపీ పెట్టడం శాస్త్రం కాదని ఫిజిక్స్ మాస్టారు గొణిగాడు గానీ, గొణుగుతూనే పెట్టుకున్నాడు. వంటింటి పెద్ద తెర్తు జుట్టుకు కట్టుకునే వలతోనే వచ్చి ముందు వరసలో నిలబడింది.

“తెర్తూ, నీ టోపీ ఏదీ?” అన్నాడు మాస్టారు.

“నాకు టోపీ ఎక్కడిదయ్యా! తొమ్మిదో తరగతి తోటే సెలవు పుచ్చుకున్నా. ఇదిగో నా కిరీటం, దీనికి చిల్లులెక్కువ, గాలాడుతుంది.”

అందరూ నవ్వారు. తెర్తు అందరికంటే గట్టిగా నవ్వింది. రాకెల్ ఆమె వంక ఒక క్షణం ఎక్కువే చూసింది.

ఫోటోగ్రాఫరు రెండు ఫోటోలు తీశాడు. గండం గడిచిందనుకుంది రాకెల్. అంతలో అతను, “ఇలా కాదు, చందాలకొచ్చినట్టున్నారు. టోపీలు తీసి గాల్లో ఊపండి!” అన్నాడు.

ముప్పై చేతులు పైకి లేచాయి. రాకెల్ చెయ్యీ లేచింది. పక్కనుంచి ఎవరో “ఆఁ!” అన్నారు.

ఆ పక్కనున్నది గున్నెల్, స్వీడిష్ టీచరు. ఫిన్లాండు పడమటి తీరంలోనే స్వీడిష్ మాట్లాడే పల్లెలో పుట్టి, పెళ్ళి చేసుకుని ఈ చెరువుల సీమకు వచ్చింది. ఎదురుగా కూచుని తన భాష మాట్లాడేవాళ్ళు లేక ముప్పై ఏళ్ళు గడిపింది. భర్త పోయాక ఇంట్లో రేడియోతో మాట్లాడుకుంటుందని పిల్లలు నవ్వుకునేవారు. ఆమె తన టోపీ తిరగేసి రాకెల్ టోపీ పక్కన పెట్టింది. అదే ఎరుపు, అదే పసుపు. మిగతా అందరివీ తెల్ల అస్తర్లు. ఆ రెండు రంగులూ స్వీడిష్ బళ్ళలో చదివినవాళ్ళవి.

గున్నెల్ కళ్ళు నీళ్ళతో నిండాయి. రాకెల్ రెండు చేతులూ పట్టుకుని గలగలా మొదలుపెట్టింది. పాటలా పైకీ కిందికీ ఊగే ఆ భాష రాకెల్‌ను మూడుసార్లు ముంచిన భాష. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గున్నెల్ ప్రతి మాట చివరా ఆగి ఆశగా చూసేది. చూసినప్పుడల్లా రాకెల్, “యా” అంది. “యా, యా” అంది. ఏం చేస్తుంది పాపం!

ఏ ప్రశ్నలకు అవునందో సెలవు తర్వాత తెలిసింది. పొద్దున్నే ఔతి ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి బల్ల మీద దరువేసింది.

“దొంగా! ఇన్నాళ్ళూ నోరు మెదపలేదే! పట్టాల పండక్కి స్వీడన్ నుంచి వచ్చే అతిథులకి నువ్వే స్వాగతం చెబుతానన్నావట? గున్నెల్ కాళ్ళు నేలమీద లేవు. అయిదు నిమిషాలు మాట్లాడితే చాలు. పుస్తకంలో నీ ఫోటో కింద కూడా దిద్దేస్తా, స్వీడిష్ బడి అని.”

“ఔతీ, అది... నాకు అంతగా...”

“సిగ్గొకటి!” అంటూ వెళ్ళిపోయింది.

ఆ వారం రాకెల్ నాలుగు కిలోలు తగ్గింది. గున్నెల్ రోజూ కాఫీ వేళకు వచ్చేది. ఒకరోజు తీరపు తియ్యరొట్టె తెచ్చింది, ఒకరోజు తల్లి ఫోటో. వచ్చినప్పుడల్లా రాకెల్ ఫోను చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా, “సరే, సరే, పంపిస్తాను” అంటూ చేత్తో క్షమించమని సైగ చేసేది. తప్పుడు సమాచారంతో వచ్చిన ఉద్యోగం తీసేయవచ్చని నిబంధనల్లో ఉంది. ఆ నిబంధనల కాగితాన్ని కొత్తగా చేరే ప్రతివాళ్ళకూ అచ్చుతీసి ఇచ్చేది తనే. యాభై నాలుగేళ్ళ వయసు, రొట్టెల ఫ్యాక్టరీ మూతపడి పదేళ్ళయింది, ఈ ఊళ్ళో ఇంకో ఆఫీసు లేదు.

శుక్రవారం గున్నెల్ కాఫీ తీసుకుని వచ్చి ఎదురుగా కూచుంది. రాకెల్ చెయ్యి ఫోను మీదికి పోయింది. గున్నెల్ ఫిన్నిష్‌లోనే అంది:

“ఆ ఫోను ఎప్పటినుంచో మోగడం లేదు రాకెల్. నామీద కోపమా? నేను ఎక్కువ వాగుతానని తెలుసు. చెప్పు, ఏ ఊరి బడి మీది? మావాళ్ళెవరైనా ఉండే ఉంటారు.”

సందు దొరికింది. ఏదో ఒక ఊరి పేరు చెప్పేయవచ్చు. చెబితే గున్నెల్ ఆ ఊరివాళ్ళకు ఫోన్ చేస్తుంది, ఇంకో పేరు కావాలి, దానికి ఇంకోటి. రాకెల్‌కు ఒక్కసారిగా అలసట వచ్చింది. ఇరవై రెండేళ్ళ అలసట.

“ఏ ఊరిదీ కాదు. టోపీ నాది కాదు. అంగట్లో కొన్నాను. ఆ పరీక్ష నేను పాసవలేదు గున్నెల్. నువ్వు మాట్లాడిందాంట్లో ఒక్క ముక్క నాకు తెలియలేదు.”

గున్నెల్ కప్పు కింద పెట్టింది. తర్వాత, “వారం రోజులు నాకొక మనిషి దొరికిందనుకున్నా” అంది. “రాత్రి మా అక్కకి ఫోన్ చేసి చెప్పా కూడా.” కాఫీ అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పనని అనలేదు. చెబుతాననీ అనలేదు.

రాకెల్ పావుగంట కూచుంది. గున్నెల్ చెప్పదని ఆమెకు తెలుసు. అదే ఇంకా కష్టంగా ఉంది, ఇక తన అబద్ధాన్ని ఇంకొకరు కూడా మోయాలి. లేచి ఔతి గది తలుపు కొట్టింది.

నిలబడే చెప్పింది. ఔతి కలం కింద పెట్టి వింది.

“ఏ పేపరు పోయింది?”

“స్వీడిష్.”

ఔతి పెదవి కొరుక్కుంది. కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. తిరిగి ఇటు చూసేసరికి ముఖం ఎర్రగా ఉంది.

“క్షమించు. నవ్వు రాకూడదు. ఇది నవ్వేది కాదు రాకెల్, నేను నగరపాలక సంస్థకు రాయక తప్పదు. తెలిసీ రాయకపోతే రేపు నా మెడకు చుట్టుకుంటుంది.”

“తెలుసు.”

“ఏమని రాయాలి? ఇలాంటి ఉత్తరం నేనెప్పుడూ...” ఔతి కంప్యూటరు తెరిచి రెండు వాక్యాలు కొట్టింది, చెరిపింది, మళ్ళీ కొట్టింది. ప్రిన్సిపాళ్ళు మారుతూ వచ్చారు గానీ, ఆ ఆఫీసులో నగరపాలక సంస్థకు వెళ్ళే ఉత్తరం ఏదీ రాకెల్ చేయి పడకుండా వెళ్ళలేదు.

“జరుగు” అంది రాకెల్. “‘అనుమానం ఉంది’ అనకు, అనుమానమేం లేదు. ‘ఉద్యోగి స్వయంగా తెలియజేశారు’ అని తేదీ వెయ్యాలి. దరఖాస్తు నకలు జతచేస్తున్నట్టు రాయాలి. నీకు ఎప్పుడూ ఆ కామా తప్పుతుంది, ఇటివ్వు.”

తన మీద తనే ఉత్తరం కొట్టింది, ఒక్క తప్పు లేకుండా. ఔతి సంతకం చేస్తుంటే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

జవాబుకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఆమె అరవై ఒక్క పట్టాలు అచ్చువేసింది. రోజూ పదకొండింటికి టపా వచ్చేది, పదింటి నుంచే గుమ్మం వైపు చూసేది. ఔతి పేర వచ్చిన ఉత్తరాలు తెరిచి తేదీ ముద్ర కొట్టి లోపలికి పట్టుకెళ్ళేది రాకెలే. వేరెవరికైనా ఆ పని అప్పజెబుదామా అని ఔతి అడిగింది. వద్దంది.

గోధుమరంగు కవరు గురువారం వచ్చింది. కత్తితో తెరిచింది. ముద్ర కొట్టాకే చదివింది. లిఖితపూర్వక హెచ్చరిక. దరఖాస్తులో దిద్దుబాటు. ఉద్యోగం కొనసాగుతుంది. ఇంకోసారి ఏదైనా జరిగితే ఈ హెచ్చరికను లెక్కలోకి తీసుకుంటారు. మొత్తం తొమ్మిది పంక్తులు. రెండోసారి చదివితే గానీ ‘కొనసాగుతుంది’ అన్న మాట కళ్ళకు ఆనలేదు.

ఔతి గదిలో సంతకం చేసి బయటికి వచ్చేసరికి కిటికీ అవతల గున్నెల్ నిలబడి ఉంది, జవాబు కాగితాల కట్ట కోసం. మూడు వారాలుగా ఆమె ఈ కిటికీ దగ్గరికి పిల్లలనే పంపేది.

“ఉన్నావా, పోయావా?”

“ఉన్నాను. హెచ్చరికతో.”

“ఎన్ని మార్కుల తేడాతో పోయిందప్పుడు?”

“చివరిసారి ఏడు.”

“ఏడా!” గున్నెల్ కళ్ళజోడు పైకి తోసుకుని ఆమెను తేరిపార చూసింది. “నీ ‘యా’ విన్నాక చెబుతున్నా, వాళ్ళెవరో ధర్మాత్ములు. నేను దిద్ది ఉంటే ఇరవైతో పోయేది.”

రాకెల్ కాగితాల కట్ట అందించబోయింది. గున్నెల్ దాన్ని అందుకుని, లోపలికి వచ్చి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూచుంది.