తాతయ్య కోటు, నాయనమ్మ కొంగు

బీరువా తలుపు తీయగానే కలరా ఉండల వాసన, దాని వెనకే ఎన్నాళ్ళుగానో మడతల్లో ఉండిపోయిన పట్టు వాసన ముక్కుకి తగిలాయి. మా కాలేజీ వాళ్ళు వెబ్‌సైట్‌లో పెట్టడానికి లెక్చరర్లందరికీ కొత్తగా ఫోటోలు తీయిస్తున్నారు. ఏం కట్టుకోవాలో, ఏం కట్టుకోకూడదో ఫోటోగ్రాఫర్ ముందే వాట్సాప్‌లో పంపాడు. చిన్న గళ్ళు వద్దట, మెరిసే జరీ వద్దట, తెల్లరంగు అసలే వద్దట, చీర మీద కోటుంటే మరీ మంచిదట. నాకు కోటు లేదు బాబూ అని ఫోన్ చేస్తే, "పర్లేదు మేడం, మేమే కంప్యూటర్లో తొడిగేస్తాం" అన్నాడు. ఆ మాటకి మంచం నిండా చీరలు పరుచుకుని కూర్చున్నదాన్ని ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. మా ఇంట్లో ఒకాయనకి ఇదివరకే అలా కోటు తొడిగారు మరి.

మాది నూజివీడుకి దగ్గర్లో పల్లెటూరు. నా చిన్నప్పుడు వేసవి వచ్చిందంటే మా ఇంట్లో మనుషుల కంటే మామిడికాయలకే చోటెక్కువ. నడవా పక్కన కిటికీ లేని గదిలో వరిగడ్డి పరిచి, రసాలు ఒక పక్క, బంగినపల్లి ఒక పక్క మాగేస్తే, ఆ తియ్యటి వెచ్చటి వాసన పరుపుల్లోకీ, మా జడల్లోకీ, చివరికి పెరుగన్నంలోకీ వచ్చేసేది. మేం పిల్లలం ఆ చీకటి గదిలో దూరి, గడ్డి కింద చేత్తో తడిమి, మెత్తబడిన కాయ ఏదో పట్టేసి, ముచ్చిక కొరికి ఊసేసి, రసం మోచేతుల దాకా కారుతుంటే టెంకె తెల్లబడేదాకా చీకేవాళ్ళం. పచ్చికాయలు కొరికే పిల్లలందరికీ మూతి చివర సొన కాల్చిన మచ్చ ఉండేది. పెద్దవాళ్ళ బట్టలకి ఎక్కడో ఒకచోట, ఎంత ఉతికినా పోని సొన మరక ఉండేది. తాతయ్యకి ఆ బాధ కూడా లేదు. మోకాళ్ళ పైకి పంచె ఎగ్గట్టి, భుజాన తువ్వాలేసుకుని తోటంతా తిరిగేవాడు. చొక్కా అన్నది ఆయన లెక్కలో పెళ్ళిళ్ళకి మాత్రమే.

అలాంటి తాతయ్య ఒక కోతల కాలంలో చెప్పాపెట్టకుండా పోయాడు. గోడకి పెట్టుకుందామంటే విడిగా ఒక్క ఫోటో కూడా లేదు. ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటోలో, వెనక వరసలో, గోరంత మొహం దొరికితే నాన్న దాన్ని పట్టుకుని నూజివీడులో స్టూడియోకి వెళ్ళాడు. ఆ రోజుల్లో అది మామూలే. మా చుట్టుపక్కల పోయిన రైతుల్లో చాలామంది గోడల మీద కోటూ టైతోనే ఉండేవాళ్ళు. స్టూడియో ఆయన తాతయ్య మొహం పెద్దది చేసి, మెడ కింద నల్లకోటు గీసి, ఎర్ర టై కట్టి, చెదిరిన జుట్టుకి పాపిడి కూడా తీసి పంపాడు. నాన్న మురిసిపోయాడు. నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఎవర్రా ఈయన?" అంది.

మర్నాడు ఆ పటం పక్కనే ఇంకో మేకు కొట్టించి తాతయ్య తువ్వాలు తగిలించింది. అప్పట్నించీ దణ్ణం పెట్టుకోవాల్సి వస్తే కోటాయన్ని వదిలేసి, తువ్వాలు వైపు తిరిగి పెట్టుకునేది.

కొన్నేళ్ళకి నాయనమ్మకి పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. లేచి కూర్చున్న రోజే నాన్నని పిలిచి, "నన్ను స్టూడియోకి తీసుకెళ్ళరా. పోయాక నాకేం తొడుగుతారో ఏమో, ఉండగానే దిగుతాను" అంది. ఆ ఫోటో దేనికో ఇంట్లో అందరికీ అర్థమైంది. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నాయనమ్మ మాత్రం తిరనాళ్ళకి బయల్దేరుతున్నంత హుషారుగా ట్రంకుపెట్టె తెరిచింది.

ఇక ఆ రోజంతా ఇంట్లో చీరల గొడవే. నులకమంచం మీద చీరలు గుట్టగా పోసి, అత్తలూ అమ్మా చుట్టూ చేరి, ఇది కడితే నల్లగా పడతారనీ, అది కడితే సన్నగా కనిపిస్తారనీ తలో మాటా అన్నారు. నాయనమ్మ అన్నీ విని, అడుగు నుంచి బూడిదరంగు నేత చీర లాగింది. కోతలప్పుడు తోటలో కట్టే చీర అది.

"దానికి అంచంతా సొన మరకలు అత్తయ్యగారూ," అంది అమ్మ.

"ఫోటోలో మరకేదో నీడేదో ఎవరికి తెలుస్తుందే," అంది నాయనమ్మ.

నాన్న ఒప్పుకోలేదు. ఆవిడ కోసమని మోజుపడి కొన్న గంధం రంగు పట్టుచీర ఉంది, మడత కూడా విప్పలేదు. "రేపు పదిమందీ వచ్చి చూస్తారమ్మా. కొడుకు పట్టుచీర కూడా కట్టించలేదంటారు" అని, మాట పూర్తి చేయలేక పెరట్లోకి వెళ్ళిపోయాడు. తల్లి పోయే రోజుని తన నోటితోనే అనేసినందుకు ఆయనకి ఏడుపొచ్చిందని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. నాయనమ్మకి అప్పుడే తెలిసినట్టుంది. నేత చీర మడిచి పెట్టెలో పెట్టేసి, పట్టుచీర అందుకుంది.

నన్నూ వెంట తీసుకెళ్ళారు. స్టూడియోలో గోడ మీద పాలరాతి మెట్లూ, హంసలున్న చెరువూ గీసిన తెర, అద్దం దగ్గర పళ్ళు విరిగిన దువ్వెనా, అందరి మొహాలకీ అద్ది అద్ది అడుగంటిన పౌడరు డబ్బా, గదంతా ఆ పౌడరు వాసనా. నాయనమ్మ అద్దంలో చూసుకుని, "ఎవరి పెళ్ళికో వచ్చినదాన్లా ఉన్నా" అని గొణుక్కుంది. నాన్న విననట్టు నిలబడ్డాడు. స్టూలు మీద కూర్చోబెట్టి, భుజం మీంచి కొంగు అందంగా జార్చి, ఫోటో ఆయన లైట్లు వేశాడు.

లైట్లు మొహం మీద పడగానే నాయనమ్మ ఒక్క నిమిషం ఆగమని చెయ్యి చూపించింది. జారిన కొంగు వెనకనుంచి గట్టిగా లాగి, ముందుకు తెచ్చి, తోటకి బండి వచ్చిందని కేక వినపడ్డప్పుడు చేసినట్టే, బొడ్లో బిగించి దోపుకుంది.

"అమ్మా, పట్టుచీరే అది," అన్నాడు నాన్న.

"చీర నీది, కట్టు నాది. ఊరుకోరా."

ఫోటో ఆయన ఛాతీ వరకే తీస్తానంటే, "నడుం దాకా రావాలి బాబూ" అని పట్టుబట్టింది. కదలొద్దు మామ్మగారూ అంటుంటే, పని చెడగొట్టుకుని వచ్చిన మనిషిలా, త్వరగా కానిమ్మన్నట్టు సూటిగా చూసింది. ఫోటో వచ్చాక నాన్న చాలాసేపు చూశాడు. "అమ్మే" అన్నాడు.

ఆ స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. మాగేసే గది ఏనాడో పడగొట్టారు. ఊళ్ళో కాయలు చెట్టు దిగీ దిగగానే ప్లాస్టిక్ ట్రేల్లో లారీలెక్కి, హనుమాన్ జంక్షన్ మీదుగా ఎటో వెళ్ళిపోతున్నాయి. ఫోటోగ్రాఫర్‌కి మళ్ళీ ఫోన్ చేసి, నాకు ఏ కోటూ తొడగొద్దని చెప్పి, రోజూ క్లాసుకి కట్టే నేత చీరల్లోంచే ఒకటి తీసి పక్కన పెట్టుకున్నాను.

నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. రెండు పటాలూ ఆయనతోపాటే మా హాల్లోకి వచ్చాయి. పొద్దున్నే తాతయ్య పటం ముందు ఎవరో పెద్ద ఆఫీసరు ముందు నిలబడ్డట్టు చేతులు జోడించి, వెంటనే పక్కకి జరుగుతాడు. నాయనమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కబుర్లే కబుర్లు: మంచు ఎలా పడుతోందో, ఈసారి రసాలకి ఏం ధర పలుకుతుందో, నేను కాఫీలో పంచదార ఎలా ఎగ్గొడుతున్నానో, అన్నీ చెబుతాడు. ఆయన అలా మాట్లాడుతుంటే నాకు ఎంతో హాయిగా ఉంటుంది.

కిందటేడు మా తోట ఇళ్ళస్థలాలకి అమ్మేశాం. కాగితాల మీద సంతకం పెట్టింది నాన్నే. చెట్లు కొట్టించారు, రాళ్ళు పాతారు. పటంలో నాయనమ్మ కొంగు బిగించి, తోటకి బయల్దేరబోతున్నట్టే చూస్తుంటుంది. ఆ సంగతి నాన్న ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు. ఇవాళ పొద్దున కూడా, ఈ ఏడు పూత బాగా నిలిచిందమ్మా అని చెబుతుంటే విన్నాను.