సరంబీ

పోయిన శుక్రవారం ప్రార్థన ముగించుకుని బస్సులో బిర్కత్ అల్ అవామిర్‌లోని మా క్యాంప్‌కు తిరిగి వస్తుంటే, పక్క సీట్లో కూర్చున్న కొత్త మనిషి, మా జిల్లావాడే, ఒళ్ళో పరిశుద్ధ గ్రంథం తెరిచి పెట్టుకుని, ఒక మాట మీద వేలు ఆనించి, "అన్నా, సరంబీ అంటె ఏంది?" అని అడిగాడు. ఆ రోజు పాస్టరుగారి వర్తమానం బబులోను చెర నుంచి తిరిగి వచ్చిన యూదులు యెరూషలేములో మందిరాన్ని మళ్ళీ కట్టుకున్న సంగతి మీద సాగింది. ఇన్నేళ్ళుగా ఈ గల్ఫు దేశంలో సీలింగులు బిగిస్తూ బతికినవాణ్ణి, ఆ మాటకు అర్థం నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అయినా కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాను.

నాకు ఆ మాట నేర్పింది మా పెద్దబాపు, అంటే మా నాయన అన్న. నేను ఖతర్ వచ్చేనాటికే ఆయన ఇక్కడ మేస్త్రీ. మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో చేతిలో ఫోన్లు లేవు, ఇంటికి చెప్పవలసిన మాటలన్నీ క్యాసెట్లో రికార్డు చేసి, చుట్టీ మీద, అంటే సెలవు మీద, పోయేవాడి పెట్టెలో పెట్టి పంపేవాళ్ళం, ఊళ్ళో ఆడవాళ్ళందరూ కూడి దుబాయ్ నుంచి క్యాసెట్ వచ్చిందని వినేవాళ్ళు. ఇది దుబాయ్ కాదు మొర్రో అని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఎవరు విన్నారు గనక! ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆదివారం కూడా శుక్రవారమే. బస్సు దొరకని శుక్రవారాల్లో గదిలోనే మంచాల మధ్య చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. నేను పదో తరగతి దాకా చదివినవాణ్ణి గనుక చదివే పని నాది, పెద్దబాపుకు అక్షరం రాదు గనుక అడిగే పని ఆయనది.

ఆయన అడిగే ప్రశ్నలు ఏ పాస్టరుగారికీ తట్టనివి. పారసీక రాజు యూదులను స్వదేశానికి పొమ్మని ఆజ్ఞ ఇచ్చిన భాగం నేను చదువుతుంటే మధ్యలో ఆపి, "వాళ్ళు చుట్టీ మీద పోయిన్రా, ఖతం జేస్కొని పోయిన్రా?" అన్నాడు. గదంతా గొల్లుమంది. కంపెనీ కాగితం ఇస్తే తప్ప దేశం దాటలేని రోజులవి, సెలవు మీద పోతే తిరిగి రావాలి, ఖతం అంటే ఇక ఈ మొహం చూడనక్కరలేదు. నేనూ నవ్వుతూనే, ఖతమే పెద్దబాపూ, మళ్ళీ వెనక్కి రాలేదు అన్నాను. ఆయన నవ్వలేదు. రాజు కాగితం ఇచ్చాడు కదా, మంచి కఫీలే అని గొణుక్కున్నాడు, వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు. పునాది వేయకముందే బలిపీఠం కట్టుకుని ఆరాధన మొదలుపెట్టారని విని మెచ్చుకున్నాడు. పునాది పడ్డనాడు పాత మందిరాన్ని చూసిన ముసలివాళ్ళు గొల్లున ఏడ్చారని, ఏది ఏడుపో ఏది సంబరమో తెలియలేదని చదివినప్పుడు మాత్రం తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ కన్నీళ్ళకు కారణం ఉంది. మా ఊళ్ళో మా వాడకు ఒక చిన్న పెంకుల మందిరం ఉండేది. పెళ్ళి కాకముందు పెద్దబాపు తన చేతులతో గోడలు లేపిన మొదటి కట్టడం అదే. ఆ యేటి వానలకు అది కూలిపోయిన కబురు అప్పటికి నెలక్రితమే క్యాసెట్లో వచ్చింది.

ఆ తర్వాతి శుక్రవారాల్లో ఒకనాడు ఈ సరంబీ తగిలింది. చుట్టుపక్కలవాళ్ళు అడ్డుపడితే మందిరం పని ఆగిపోయి ఏళ్ళు గడిచాయి, ఈలోగా జనం ఎవరి ఇళ్ళు వాళ్ళు సరంబీ వేసి కట్టుకుని కూర్చున్నారు, నా ఇల్లు పాడుపడి ఉండగా మీకిది తగునా అని దేవుడు ప్రవక్త చేత అడిగించాడు. ఆ మాట దగ్గర నేను తడబడితే చదువురాని పెద్దబాపు అందుకున్నాడు. దూలాల కింద నున్నటి చెక్కలు పరిచి పైకప్పు కనపడకుండా మూసేదే సరంబీ అని, దొరల గడీల్లో తాను చూశానని చెప్పి, నా వీపు మీద ఒక్కటి చరిచి, నువ్వు వెస్ట్ బేలో చేసేది సరంబీ పనే కదరా అన్నాడు. నిజమే, నేను అప్పుడు ఆ టవర్లలో ఫాల్‌సీలింగ్ వడ్రంగిని. నా పనికి గ్రంథంలో పేరున్నందుకు ఎంత మురిసిపోయానో!

నాలుగు నెలలు తిరగకుండా పెద్దబాపు ఖతం రాసిచ్చాడు. అరవై నిండలేదు, కంపెనీ పొమ్మనలేదు, గదిలో అందరం వద్దని బతిమాలాం. వాళ్ళు వెనక్కి రాలేదని నువ్వే చెప్తివి కదా అని నా నోరే మూయించాడు. బస్సెక్కేటప్పుడు నా చేయి పట్టుకుని, "గోడలు నావి, కప్పు నీది. యాదుంచుకో బిడ్డా" అన్నాడు. ఆయనకు వడ్రంగం రాదు, ఊళ్ళో మా వాడ మగవాళ్ళంతా గల్ఫులోనే ఉన్నారు. వస్తానన్నాను. తప్పకుండా వస్తానన్నాను.

ఆయన ముందుగా టార్పాలిన్ కింద ఒక బల్ల వేసి ప్రార్థన మొదలుపెట్టి, ఆ తర్వాతే పునాది తవ్వాడట, గ్రంథంలో విన్నట్టుగానే. రెండేళ్ళలో పెద్దమ్మ ఇటుక అందిస్తుంటే ఒక్కడే నాలుగు గోడలూ లేపాడు. నాకు చుట్టీ వచ్చింది. సరిగ్గా రెండు నెలలు. మా కొత్త ఇంటికి స్లాబ్ పడి ఉంది, హాల్లో వెస్ట్ బే హోటల్‌లాంటి సీలింగ్ కావాలని మా ఇంటావిడకు ఆశ, ఆమె ఆశేమిటి నా బొంద, నాకే ఆశ. పది రోజుల్లో తేల్చి మందిరం దూలాలు ఎత్తుదామనుకున్నాను. మధ్యలో పువ్వు, చుట్టూ అంచులు, దాచిన దీపాలు, చేసినకొద్దీ పని పెరిగింది. పెద్దబాపు రోజూ వాకిట్లోకి వచ్చి, ఎన్నడు మొదలుపెడదామని అడగకుండా, చాయ తాగి వెళ్ళిపోయేవాడు. టికెట్ రేపనగా లోపలికి వచ్చాడు. తలెత్తి చాలాసేపు చూశాడు. "సరంబీ ఏసినవ్ బిడ్డా. మంచిగున్నది" అన్నాడు.

తిట్టినా బాగుండేది. వచ్చే చుట్టీకి కప్పు వేస్తానని ఆయన వీపు వెనక అన్నాను, విన్నాడో లేదో తెలియదు.

ఆ వానాకాలం గోడలు నానకుండా కవర్లు కప్పబోయి, పైనుంచి జారిపడి, నెల రోజులు మంచాన ఉండి కన్నుమూశాడు. కబురు అందేసరికి నేను ఒక హోటల్లో నిచ్చెన మీద నిలబడి షీట్లు బిగిస్తున్నాను, కింద ఫోర్‌మన్ యల్లా యల్లా అని అరుస్తూ తొందరపెడుతున్నాడు. సెలవు ఇవ్వలేదని ఊళ్ళో చెప్పుకున్నాను. నిజానికి నేను అడగలేదు. ఏ మొహంతో పోను?

ఆ తర్వాత ఎన్నో చుట్టీలు వచ్చాయి, ఒక్కసారీ దూలం ఎత్తలేదు. మా వాడవాళ్ళు ఇప్పుడు ఆటో ఎక్కి టౌన్లోని పెద్ద ప్రార్థన హాలుకు పోతున్నారు, అక్కడ కుర్చీలూ ఫ్యాన్లూ ఉన్నాయి, ఇక వాళ్ళకు ఆ గోడలతో పని లేదు. పోయినసారి పోయినప్పుడు చూస్తే ఒక గోడ పడిపోయింది, మిగిలిన మూడింటి నడుమ ఎవరో మక్కలు ఆరబోశారు. వచ్చే నెల నాకూ ఖతం. ఇక నిచ్చెన ఎక్కే మోకాళ్ళు లేవు, కప్పు వేసినా దాని కింద కూర్చునేవాళ్ళు లేరు. డెబ్బై ఏళ్ళ చెర తర్వాత కూడా యూదులకు పోయి కట్టుకోవడానికి ఒక మందిరం మిగిలింది, నాకు మాత్రం వెళ్ళి పడుకోవడానికి మా హాల్లోని ఆ సీలింగు కిందే చోటు మిగిలింది. కళ్ళు తెరిస్తే అదే కనిపిస్తుంది, ఇంకెటు చూడను?

ఆనాడు మా గదిలో తెలియని మాట వస్తే పన్నెండు మందీ తలా ఒకటి చెప్పేవాళ్ళం, తప్పో ఒప్పో వాదించుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరి మంచానికి వాళ్ళు పరదా కట్టుకుని ఫోన్ చూసుకుంటారు. ఇన్నేళ్ళకు ఒక్కడు, పాపం, నోరు తెరిచి నన్ను అడిగాడు. క్యాంప్ గేటు దగ్గర బస్సు దిగుతుంటే మళ్ళీ అడిగాడు.

"నాకు తెల్వదు తమ్మీ" అన్నాను.

"పోనీలే అన్నా, ఫోన్ల చూస్త" అన్నాడు.