పదకొండు మూరల గది

మా అత్త వీరమ్మాళ్ కుడిచేయి అంటే మదురై బస్‌స్టాండు దగ్గర పూలు కొనేవాళ్లందరికీ అనుమానమే. ఇరవై రెండేళ్లుగా అక్కడ ఒక పెద్ద గొడుగు కింద కూర్చుని మల్లెపూలు అమ్ముతోంది. దండను మోచేతి నుంచి నడిమి వేలి కొన దాకా లాగి పట్టుకుంటే ఒక మూర. కొనేవాళ్లు ఆ చేతినే చూస్తుంటారు.

"ఏంక్కా, నీ చెయ్యి పోయిన వారానికంటే పొట్టి అయిపోయిందే?"

"వానకు తడిసి కుంచించుకుపోయింది, ఏం చెయ్యను?" అంటుంది అత్త. అంటూనే ఇంకో నాలుగు పూల ముక్క అదనంగా తెంపి ఇస్తుంది.

నేను పక్కన కూర్చుని పూలు కడతాను. పదో తరగతి మధ్యలో మానేసినప్పటి నుంచీ ఇదే నా పని. మాట్లాడే పని అత్తది.

వాన మాట ఉత్త సరదాకు అన్నది కాదు. ఐప్పసి నెల వచ్చిందంటే గొడుగు ఆగదు. వాడిపట్టి నుంచి పొద్దున్నే వచ్చిన మొగ్గలు మధ్యాహ్నానికి తడిసి నల్లబడతాయి. అందుకే ఎదురుగా ఉన్న చిన్న కొట్టు ఖాళీ అయినప్పుడు అత్త మొదటిసారి తన కోసం ఒకటి కావాలనుకుంది. కొట్టు ఆసామి నెలాఖరు శుక్రవారం దాకా ఆగుతానన్నాడు. ఇంటి మీద బాంకులో లోను అడిగాం.

ఇంటి విలువ కట్టడానికి బాంకు గోకులకృష్ణన్ అనే ఇంజనీరును పంపింది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. కాళ్లకు తళతళలాడే బూట్లు, చేతిలో తోలు సంచీలో టేపు. మా ఇల్లు రైలు పెట్టెలా ఒకదాని వెనక ఒక గదిగా ఉంటుంది. వెడల్పు అంతటా ఒకటే. ముందు గది, నడిమి గది, వంటిల్లు అన్నీ చకచకా కొలిచాడు. చివరి గది గడప దగ్గర అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

అది మా అమ్మవారి గది. ఎన్నో తరాల కిందట మావాళ్లు తెలుగుదేశం నుంచి నడిచి వచ్చినప్పుడు నెత్తిన పెట్టుకుని తెచ్చిన చెక్కపెట్టె అందులో ఉంది. మా వీధిలో చాలా ఇళ్లలో అలాంటి గది ఒకటి ఉంటుంది. లోపలికి ఎవరు వెళ్లినా అప్పటికప్పుడు తల మీద నీళ్లు పోసుకుని తడిగుడ్డతో వెళ్లాలి. తోలు వస్తువు గడప దాటకూడదు.

ఇంజనీరు తన బూట్ల వంక చూసుకున్నాడు, తర్వాత గడియారం వంక. "పరవాలేదమ్మా, లోపల పొడవెంతో మీరే చెప్పండి," అన్నాడు తమిళంలో.

"పదకొండు," అంది అత్త తడుముకోకుండా.

తడుముకోవలసిన పని ఆమెకు లేదు. ఏటా ఆడి నెలలో ఆ గడప నుంచి పెట్టె వెనక గోడ దాకా ఒకే దండ కట్టి వేలాడదీస్తాం. ఆ దండ పదకొండు మూరలు. ఆయన పదకొండు అని రాసుకుని, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

పది రోజులకు బాంకు కాగితం వచ్చింది. లోను వస్తుంది కానీ కొట్టుకు సరిపోదు. ఇల్లు అనుకున్న దానికంటే చిన్నదట. మామ దురైసామి ఆటో తోలుతాడు, దేనికైనా ఒక పరాచికం ఆడతాడు. ఆ రోజు ఆయన కూడా ఆటో తీయకుండా అరుగు మీద కూలబడ్డాడు. అత్త గొడుగు గుడ్డకు మాసిక వేయడం మొదలుపెట్టింది. కొట్టు మీద ఆశ వదులుకుందని అప్పుడే నాకు అర్థమైంది.

కాగితం ఇంగ్లీషులో ఉంది. వెనక ఇంటి బొమ్మ గీసి అంకెలు వేశారు. అంకెలు నాకూ తెలుసు. వంటింటికి పన్నెండు, అమ్మవారి గదికి పదకొండు. రెండు గదులూ రోజూ ఊడ్చేది నేనే. వంటిల్లు ఊడ్చినప్పుడు నడుము నొప్పి పుట్టదు.

"అత్తా," అన్నాను మెల్లగా, "అమ్మోరి గదిని వంటింటికంటే చిన్నది చేసినారు."

అత్త సూది ఆపింది. కాగితం చూసింది, నన్ను చూసింది, తన చెయ్యి చూసుకుంది. "అయ్యో! నేను మూరల్లో చెప్తే ఆ పిల్లోడు అడుగులని రాసుకొనేసినాడే!"

మర్నాడు మామ ఆటోలో బాంకుకు వెళ్లాం. మేనేజరు నివేదిత మేడం కాగితం తిరగేసి, "ఇంజనీరు స్వయంగా వచ్చి చూశారు కదమ్మా," అంది.

"వచ్చినాడు మేడం. గడప బయట నిలబడి అడిగినాడు. పదకొండన్నాను. పూలమ్మేవాళ్లింట్లో పదకొండంటే మూరలు కాక ఇంకేముంటాయి?"

మేడం నవ్వు ఆపుకుని గోకులకృష్ణన్‌ను పిలిపించింది. సంగతి విని ఆయన మొహం ఎర్రబడింది.

"గది పొడవు ఎవరైనా మూరల్లో చెబుతారా అమ్మా?"

"గదిలోకి పోకుండా దాని పొడవు ఎవరైనా రాస్తారా తంబీ?"

వరసలో నిలబడ్డవాళ్లు పకపకా నవ్వారు. వాళ్లలో ఒకావిడ మా దగ్గర పూలు కొనేదే. "పూలక్క మూరలా! రాసుకోండి సార్, కానీ కొంచెం తగ్గించి రాసుకోండి," అంది. ఈసారి అత్త నవ్వలేదు. చెయ్యి కొంగులో దాచుకుంది. నాకు చాలా బాధగా అనిపించింది.

మేడం మాత్రం మెత్తగానే చెప్పింది. మూరలు బాంకు లెక్కలోకి రావు. ఇంజనీరు మళ్లీ వెళ్లి గోడ నుంచి గోడకు టేపు పెట్టి కొలిచి సంతకం చేస్తే మారుస్తుంది. అప్పటికి శుక్రవారానికి మూడు రోజులే ఉన్నాయి.

"నన్ను లోపలికి రానివ్వలేదే," అన్నాడు ఆయన.

"నీళ్లు పోసుకొని రా, ఎవరొద్దన్నారు? ఆ రోజు నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. తప్పు ఇద్దరిదీ," అంది అత్త.

బుధవారం పొద్దున ఆయన వచ్చాడు. మామ ఇచ్చిన పంచె కట్టుకుని పెరట్లో కొళాయి దగ్గర నిలబడ్డాడు. ఇరుగింటి పొరుగింటి ఆడవాళ్లు ఏదో పనున్నట్టు గోడ దగ్గరికి చేరారు. మామ చెంబుతో నీళ్లు పోస్తూ, "ఇంకొక చెంబు సార్. మా అమ్మోరికి ఇంజనీర్లంటే కొంచెం అనుమానం," అన్నాడు. గోకులకృష్ణన్ వణుకుతూనే నవ్వాడు.

తోలు సంచీ బయటే ఉండిపోయింది. ఉత్త టేపుతో లోపలికి వచ్చాడు. నేనూ నీళ్లు పోసుకుని వెళ్లి, పెట్టె వెనక గోడకు టేపు కొన ఆనించి పట్టుకున్నాను. ఆయన పంచె నుంచి నేల మీద నీళ్లు కారుతున్నాయి. గడప దగ్గర వంగి చూశాడు. మళ్లీ లాగి చూశాడు.

"పదహారడుగుల తొమ్మిది అంగుళాలు!"

గడప అవతల నుంచి అత్త ఆ పొద్దున కట్టిన దండ చాచి ఇచ్చింది. పదకొండు మూరలు, మూరమూరకూ ఒక కనకాంబరం గుచ్చి ఉంది. టేపు పక్కనే పరిచాం. గోడ నుంచి గడప దాకా సరిగ్గా సరిపోయింది.

ఆయన నోట్లోనే లెక్క వేసుకున్నాడు. "మూరంటే పద్దెనిమిది అంగుళాలు. మీది అంతకంటే ఒక పిసరు ఎక్కువే ఉందమ్మా!"

పెరటి గోడ దగ్గర ఒక్కసారిగా గోల లేచింది. మామ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఇరవై రెండేళ్లుగా నట్టానికి అమ్ముతుండావంటే! అది కాక పైన కొసరు వేరే!"

 అత్త మోచేతి నుంచి వేలి కొన దాకా తన చేతిని ఒకసారి నిమురుకుంది.

గురువారం కొత్త కాగితం వచ్చింది. శుక్రవారం సాయంత్రం కొట్టు తాళంచెవి అత్త బొడ్లో ఉంది. గొడుగు ఇప్పుడు కొట్టులో ఒక మూల ఆనించి ఉంటుంది. పారేద్దామంటే అత్త వినదు. ఎవరైనా చేతి సంగతి ఎత్తితే మాత్రం, "బాంకు ఇంజనీరు తడిగుడ్డతో వచ్చి కొలిచిన చెయ్యి ఇది," అంటుంది. అని, ఎప్పటిలాగే ఆ నాలుగు పూలు తెంపి ఇస్తుంది.

మొన్న శనివారం గోకులకృష్ణన్ పెళ్లాంతో కలిసి వచ్చాడు. "రెండు మూరలు ఇవ్వండమ్మా," అన్నాడు.

అత్త దండ చేతిలోకి తీసుకుని తల అడ్డంగా ఊపింది.

"అడుగుల్లో చెప్పు తంబీ. మూరలంటే మళ్లీ గొడవొస్తుంది."